ఆయిల్ తినని పాత ట్రాక్టర్: ఒక బేరింగ్ కేసు

పాత ఇంజిన్‌లో బేరింగులు అరగడం వింతేమీ కాదు. ఈ కేసు రాయడానికి కారణం వేరే ఉంది. ఆ బండికి అంతకుముందే కొత్త బేరింగులు వేశారు. అవి ఒక్క సీజన్ కూడా నిలవకుండానే శబ్దం మళ్ళీ మొదలైంది. ఎందుకు అరిగిందో తేల్చకుండా బేరింగ్ మారిస్తే ఏమవుతుందో ఇందులో అంచెలంచెలుగా కనిపిస్తుంది. రైతు ఎవరు, ఏ ఊరు, ముందు ఎవరు పని చేశారు అన్న వివరాలు వదిలేశాను.

బండి, దాని పని

డెల్టాలో వరి పొలాల్లో తిరిగే 35 హెచ్‌పీ ట్రాక్టర్. వయసు ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పుడు మూడో యజమాని చేతిలో ఉంది. ఇంజిన్ పెర్కిన్స్ 3.152 వంశానిది. మూడు సిలిండర్లు, బోరు 91.44 మిల్లీమీటర్లు, స్ట్రోకు 127 మిల్లీమీటర్లు, మొత్తం రెండున్నర లీటర్లు. 1959లో మాసీ ఫెర్గూసన్ 35లోకి వచ్చిన డిజైన్ అది. పిస్టన్ల కదలికతో క్రాంకును, అంటే ఇంజిన్ ప్రధాన షాఫ్టును తిప్పేవి రాడ్లు, ఆ క్రాంకును బ్లాకులో మోసేవి మెయిన్ బేరింగులు. ఇందులో మూడు రాడ్లకు నాలుగు మెయిన్ బేరింగులు ఉంటాయి, అంటే ప్రతి రాడ్డుకూ రెండు పక్కలా క్రాంకుకు ఆసరా ఉంటుంది. కింది భాగం గట్టి ఇంజిన్ ఇది. ఈ కథలో తప్పు డిజైన్‌ది కాదు.

సార్వాకూ దాళ్వాకూ కేజీవీల్స్‌తో దమ్ము, మధ్యలో ట్రక్కు తోలకం. సొంత పొలం పోను మిగతా రోజుల్లో కిరాయి. డ్రైవర్‌కు ఒక అలవాటు ఉంది. డీజిల్ కలిసొస్తుందని దమ్ములో పై గేరు వేసి, యాక్సిలరేటర్ తగ్గించి నడుపుతాడు. ఆయిల్ పంపు తిరిగేది ఇంజిన్ వేగంతోనే. వేగం తగ్గితే పంపు తోసే ఆయిల్ తగ్గుతుంది, అదే సమయంలో ఒక్కో పేలుడుకు బేరింగ్ మీద పడే బరువు పెరుగుతుంది. ఇదొక్కటే ఇంజిన్‌ను పాడు చెయ్యదు గానీ, ఇంకో లోపం ఉన్నప్పుడు దానికి తోడవుతుంది.

మా షెడ్డుకు వచ్చేసరికి

వేడెక్కాక డ్యాష్‌బోర్డు ఆయిల్ గేజ్ ముల్లు లేవడం లేదు. రేస్ ఇచ్చి వదిలేటప్పుడు టక్ టక్ మని ఇనుప శబ్దం. చల్లగా ఉన్నప్పుడు మాత్రం అంతా బాగానే ఉంటుంది. కాలువలకు నీళ్ళు వదిలేశారు, ఊళ్ళో దమ్ములు మొదలయ్యాయి, రైతు టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. “ఈ సార్వా గట్టెక్కించు బాబూ, పంటయ్యాక ఫుల్ ఇంజిన్ చేయిద్దాం” అన్నాడు.

అప్పటికి చేయించినవి ఇవి. మొదట మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ బదులు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోశారు. తర్వాత ఎవరో చెబితే అందులో కాస్త 90 గేర్ ఆయిల్ కలిపారు. ఆయిల్ రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు వెనక వాషర్ వేసి బిగించారు. అదీ చాలక చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి రాడ్ బేరింగులు కొత్తవి వేశారు. వేసినప్పుడు శబ్దం పోయింది, గేజ్ లేచింది. దాళ్వా దమ్ము అయ్యేలోపు రెండూ మళ్ళీ మొదటికొచ్చాయి.

ఈ వైద్యాలు ఎందుకు పనిచేయలేదో ముందే చెబుతాను. మన ప్రాంతంలో ఇవి రోజూ జరిగేవే.

గేర్ ఆయిల్ డబ్బా మీద 90 చూసి, ఇంజిన్ ఆయిల్ 40 కంటే రెట్టింపు చిక్కన అనుకుంటారు. ఆ రెండు అంకెలూ వేర్వేరు కొలమానాలవి. 90 గేర్ ఆయిల్ చిక్కదనం ఇంజిన్ ఆయిల్ 40, 50ల దగ్గరే ఉంటుంది. అంటే కోరుకున్న చిక్కదనం పెద్దగా రాదు. గేర్ పళ్ళ కోసం కలిపిన గంధకపు మందులు మాత్రం ఇంజిన్ వేడిలో బేరింగ్‌లోని రాగి మీద పనిచేస్తాయి. మసిని పట్టి ఉంచే డిటర్జెంట్ గుణం కూడా అందులో ఉండదు.

రిలీఫ్ వాల్వ్ పని, ప్రెషర్ హద్దు దాటినప్పుడు తెరుచుకుని ఎక్కువైంది వదిలేయడం. వేడి ఐడిలింగ్‌లో ప్రెషర్ ఆ హద్దుకు ఎంతో కింద ఉంటుంది, అంటే వాల్వ్ అప్పటికే పూర్తిగా మూసుకుని ఉంది. మూసుకున్న వాల్వ్ స్ప్రింగును ఇంకాస్త నొక్కితే వచ్చే లాభం ఏమీ లేదు. వాషర్ వల్ల జరిగేదల్లా పొద్దున్నే చల్లటి స్టార్టింగులో ప్రెషర్ అవసరానికి మించి పెరిగి పంపు మీద, ఫిల్టర్ సీలు మీద భారం పడడమే. ఆ చల్లటి రీడింగు చూసి “గేజ్ లేచింది” అని అందరూ సంతోషపడ్డారు.

బేరింగుల సంగతి చాంబర్ దించాక చెప్పుకుందాం.

బండి ఆపాలా, నడపాలా

ముందు తేల్చాల్సింది ఇదే. రైతు కోరుకున్నట్టు సీజన్ లాగించవచ్చా? రాడ్ బేరింగ్ శబ్దం ఉన్న ఇంజిన్ దమ్ములో దిగితే రెండే దారులు. బేరింగ్ పట్టేసి ఇంజిన్ ఆగిపోతుంది, లేదా రాడ్ బోల్టు తెగి రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది. క్రాంకు అరిగితే సానపట్టుకోవచ్చు, పగిలిన బ్లాకును ఏం చేస్తాం? ఇప్పుడు ఆపితే పోయేది సీజన్ కిరాయి, ఆపకపోతే పోయేది ఇంజిన్. ఈ లెక్క చెప్పాక రైతు సొంత పొలానికి వేరే ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకున్నాడు. ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. ఆ సమయం వృథా అనుకోను. ఒత్తిడి మీద మొదలుపెట్టిన ఇంజిన్ పనిలో కొలతలు తప్పకుండా దాటవేయబడతాయి.

శబ్దం ఎక్కడిది

ఇంజిన్ కొట్టుకునే శబ్దాలన్నీ బేరింగువి కావు. పిస్టన్ వదులైతే చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా వినిపించి, వేడెక్కాక తగ్గుతుంది. ఇక్కడ దానికి వ్యతిరేకం. మెయిన్ బేరింగ్ శబ్దం లోపల ఎక్కడో బరువుగా, లోడ్ పడినప్పుడు ‘దబ్’ మంటుంది. రాడ్ బేరింగ్ శబ్దం రేస్ ఇచ్చి వదిలే క్షణంలో తేలుతుంది, ఎందుకంటే రాడ్డు మీద ఒత్తిడి దిశ మారేది అప్పుడే. లక్షణాలు రాడ్ బేరింగ్ వైపే చూపుతున్నాయి.

ఏ సిలిండర్‌ది అన్నది తేల్చడానికి ఐడిలింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూశాం. గుడ్డ అడ్డం పెట్టాలి, చెయ్యి దూరంగా ఉండాలి. ఆ ప్రెషర్‌లో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. రెండో సిలిండర్ నట్టు వదలగానే శబ్దం సగానికి పైగా తగ్గింది.

చాలామంది ఇక్కడితో తేల్చేస్తారు. కానీ ఇంజెక్టర్ కొనన డీజిల్ చిమ్మే నాజిల్ పాడై ఆ సిలిండర్ గట్టిగా కొట్టుకుంటున్నా, నట్టు వదిలితే శబ్దం ఇలాగే తగ్గుతుంది. రెండింటినీ వేరు చెయ్యాలంటే రెండో ఇంజెక్టర్‌ను మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో వేసి మళ్ళీ వినాలి. ఇంజెక్టర్‌తో పాటు శబ్దం జరిగితే నాజిల్, అక్కడే ఉండిపోతే బేరింగ్. ఇక్కడ శబ్దం రెండో సిలిండర్‌ను వదల్లేదు.

ప్రెషర్, ఆయిల్

డ్యాష్‌బోర్డు గేజ్‌ను నమ్మకుండా దాని చోట నేరుగా మెకానికల్ గేజ్ తగిలించాం. చల్లగా 60 పీఎస్‌ఐ పైన. బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో 5, 1800 ఆర్‌పీఎం దగ్గర 17. ఈ ఇంజిన్ వేడి మీద పూర్తి వేగంలో 30 నుంచి 60 మధ్య ఉండాలి.

అరిగిన బేరింగ్ అని తేల్చడానికి ఈ అంకెలు చాలు అనిపిస్తుంది. కానీ వేడి మీద ప్రెషర్ పడిపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఆయిల్ పోయే సందు పెరగడం ఒకటి, ఆయిల్ పల్చబడడం ఇంకొకటి. గేజ్ ఈ రెండింటినీ కలిపే చూపిస్తుంది.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీతకు ఒక అంగుళం పైన ఉంది. రైతును అడిగితే గర్వంగా చెప్పాడు, “పాత బండే గానీ చుక్క ఆయిల్ తినదు బాబూ, పోసింది పోసినట్టే ఉంటుంది.” నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఆ మాట దగ్గరే తేలింది. ఇన్నేళ్ళు దమ్ము చేసిన ఇంజిన్ రింగుల దగ్గర కొంతైనా ఆయిల్ తినాలి. తినడం లేదంటే, తిన్నంత మేర ఇంకేదో వచ్చి చేరుతోంది. లెవెల్ తగ్గడం లేదు కదా అని ఆయిల్ మార్చే గంటలు కూడా దాటించేస్తూ వచ్చాడు. దాంతో చేరేది ఇంకా ఎక్కువ చేరింది.

నీళ్ళయితే ఆయిల్ తెల్లగా చిలికినట్టు అవుతుంది. ఇది నల్లగానే ఉంది, వేళ్ళ మధ్య రాస్తే జిగట లేదు, డీజిల్ వాసన. పాత న్యూస్‌పేపర్ మీద దీనిదొక చుక్క, పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేసి వదిలేశాం. కాసేపటికి దీని నల్ల మచ్చ చుట్టూ వెడల్పుగా పల్చటి నూనె వలయం పాకింది. కొత్తది అంత దూరం పాకలేదు. వాలుగా పెట్టిన అద్దం ముక్క మీద రెండు చుక్కలూ వదిలితే బండిలోది మజ్జిగలా పారింది. డ్రెయిన్ చేస్తే చాంబర్ పట్టే దానికంటే లీటరు పైనే ఎక్కువ వచ్చింది.

15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల వేడిలో కూడా 12.5 సెంటీస్టోక్‌ల చిక్కదనం నిలుపుకోవాలి. డీజిల్ 40 డిగ్రీల దగ్గరే 2 నుంచి 4.5. కొద్ది శాతం కలిసినా ఆయిల్ ఒక గ్రేడు కిందికి జారుతుంది. ఇందులో కలిసింది కొద్దిపాటి కాదు.

ఇక రెండు కారణాలనూ విడదీయాలి. రిలీఫ్ వాల్వ్ వాషర్ తీసేసి, కొత్త ఫిల్టర్, కొత్త 15డబ్ల్యూ-40 వేసి, లోడ్ లేకుండా వేడెక్కించి మళ్ళీ కొలిచాం. ఐడిలింగ్‌లో 11, 1800 దగ్గర 26. శబ్దం కాస్త మెత్తబడింది, పోలేదు. అంటే పోయిన ప్రెషర్‌లో కొంత పల్చదనానిది, మిగతాది సందుది. ఆయిల్ మార్చి పంపితే సరిపోదు, అలాగని బేరింగులు మార్చి పంపినా సరిపోదు. అంతకుముందు రెండోది చేశారు, ఫలితం చూశాం.

బేరింగ్ అంచుల నుంచి ఆయిల్ కారడం సందుకు ఘనంగా పెరుగుతుంది. సందు రెట్టింపైతే కారేది ఎనిమిది రెట్లు. చిక్కదనం సగమైతే అది మళ్ళీ రెట్టింపు. అరిగిన బేరింగూ పల్చటి ఆయిలూ ఒకచోట చేరితే ఇంజిన్ అంత త్వరగా ఎందుకు దిగజారుతుందో ఈ లెక్కలోనే ఉంది.

డీజిల్ ఎటు నుంచి

దీనికి జవాబు దొరకకుండా కింద విప్పకూడదనుకున్నాం. కొత్త క్రాంకు పని మీదకు మళ్ళీ డీజిల్ వదలడం ఎందుకు?

చాంబర్‌లోకి డీజిల్ రావడానికి ఈ ఇంజిన్‌లో మూడు దారులు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చిరగడం, ఇంజెక్టర్లకు డీజిల్ పంపే డీపీఏ రోటరీ పంపు షాఫ్టు సీలు పోవడం, నాజిల్ కారి సిలిండర్ గోడ మీదుగా దిగడం. నాజిళ్ళను చేతి టెస్టర్ మీద పెట్టాం. మూడోది కొద్దిగా కారుతోంది, సరిచేశాం, కానీ లీటరు డీజిల్ దించేంత లోపం కాదది. లిఫ్ట్ పంపును బ్లాకు నుంచి విప్పి, పైపులు ఉంచేసి, చేతి లివర్ కొడుతూ కింద చూశాం. పొడిగా ఉంది.

ఇక మిగిలింది రోటరీ పంపు. ఈ పంపును తిప్పే గేరు టైమింగ్ కేసులో ఉంటుంది, ముందు చిన్న ప్లేటు విప్పితే కనిపిస్తుంది. పంపు లోపల నిండా డీజిల్ ఉంటుంది, దాన్ని టైమింగ్ కేసులోకి రాకుండా ఆపేది షాఫ్టు మీది సీలు మాత్రమే. ప్లేటు తీస్తే మిగతా గేర్ల మీద మసి ఆయిల్ పొర, పంపు గేరు వెనక మాత్రం ఎవరో కడిగినట్టు ఇనుము మెరుస్తోంది. లిఫ్ట్ పంపు చేతి లివర్ కొడుతూ చూస్తే ఆ గేరు వెనక నుంచి తడి దిగింది.

పంపు విప్పి పంపు షాపుకు పంపాం. సీలు ఎండి గట్టిపడింది. అంతకంటే ముఖ్యం, సీలు పెదవి ఆనే చోట షాఫ్టు మీద గాడి పడింది. కొత్త సీలు వేస్తే సరిపోతుందని అక్కడి కుర్రాడు అన్నాడు గానీ, గోరు తగిలే గాడి మీద ఏ సీలూ ఎక్కువ కాలం ఆగదు. షాఫ్టు కూడా మార్పించాం. పంపుకు అయిన ఈ ఖర్చు, కింద క్రాంకుకు పెట్టబోయే దాని ముందు చిన్నదే.

చాంబర్ దించాక

పోత ఇనుప చాంబర్ బరువైంది, జాకీ ఆసరాతో దించాలి. బేరింగులు విప్పే ముందు ఒక పరీక్ష చేశాం. కొత్త చేతి స్ప్రేయర్ కొని (మందు కొట్టినది వాడకూడదు), నాజిల్ తీసేసి, ఆయిల్ పోసి, దాని పైపును గేజ్ తగిలించే రంధ్రానికి కలిపి గాలి కొట్టాం. ఆయిల్ గ్యాలరీలోకి, అంటే బేరింగులకు ఆయిల్ చేరే దారిలోకి వెళ్ళి ప్రతి బేరింగ్ నుంచీ కారుతుంది, ఎక్కడ ఎంత కారుతోందో కింద పడుకుని చూడొచ్చు. మెయిన్ల నుంచి కొంచెం జోరుగానే చుక్కలు. ఒకటి, మూడు రాడ్ల దగ్గర అంతకంటే ఎక్కువ. రెండో రాడ్డు దగ్గర చుక్కలు కావు, ఆగని ధార. క్యామ్ జర్నల్స్ (క్యామ్ షాఫ్టు ఆని తిరిగే చోట్లు) దగ్గర అనుమానించాల్సింది కనిపించలేదు. ఈ ఇంజిన్లో క్యామ్ నేరుగా బ్లాకులోనే తిరుగుతుంది కాబట్టి అక్కడ లీక్ ఉంటే పని ఇంకా పెద్దదయ్యేది. ఆ సంగతి క్రాంకు తీయక ముందే తెలియడం మేలు.

రెండో రాడ్ క్యాప్ విప్పితే కింది షెల్ (బేరింగులో కింది సగం) వెనక పల్చటి ఇత్తడి రేకు ముక్క. శబ్దం ఎలా పోయిందో అర్థమైంది. అరిగిన క్రాంకు పిన్ను (క్రాంకులో రాడ్డు పట్టుకునే భాగం) మీద స్టాండర్డ్ బేరింగ్ వదులుగా కూర్చుంటే, రేకు పెట్టి సందు తగ్గించారు. ఈ పని చేసేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, సీజన్‌లో రైతు ఒత్తిడి పెడితే ఇలాంటివి పుడతాయి. కానీ షెల్ వీపు మొత్తం రాడ్డుకు అతుక్కుని ఉంటేనే వేడి బయటికి పోతుంది. రేకు ఉన్నచోట ఆనుతుంది, దాని పక్కన గాలి ఉంటుంది. రేకుకు సరిగ్గా ఎదురుగా షెల్ లోపలి ముఖం నల్లగా కాలి ఉంది.

షెల్స్‌ను చూసి కారణం చదవొచ్చు. ఈ రకం బేరింగుకు ఉక్కు వీపు, దాని మీద రాగి-సీసం పొర, పైన బూడిద రంగు మెత్తటి పూత. ఆ పూత మందం సుమారు ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. దుమ్ము వల్ల అరిగితే గీతలు, పూతలో గుచ్చుకున్న రేణువులు ఉంటాయి. రాడ్డు వంగితే పై షెల్ ఒక అంచున, కింది షెల్ రెండో అంచున అరుగుతాయి. ఇక్కడ గీతలు తక్కువ. పూత నున్నగా తుడుచుకుపోయి, ముఖం వెడల్పంతా రాగి రంగు తేలింది. ఆయిల్ పొర నిలవక ఇనుము, షెల్ రాసుకున్న గుర్తు అది. డీజిల్ కలిసిన ఆయిల్ కథతో ఇది సరిపోయింది. సరిపోకపోతే ఇంకో కారణం వెతకాల్సి వచ్చేది.

మెయిన్ క్యాపులు విప్పి మైక్రోమీటర్ పెట్టాం. క్రాంకు పిన్ను స్టాండర్డ్ కొలత 2.2485 నుంచి 2.2490 అంగుళాలు. ఒకటో పిన్ను 2.2465, మూడోది 2.2460. రెండోది ఒక దిశలో 2.2455, దానికి అడ్డంగా 2.2415. అంటే నాలుగు థౌల ఓవాలిటీ, ఎక్కువ అరిగిన దిశలో ఏడు థౌలు తక్కువ. మెయిన్ జర్నల్స్ ఒకటి, ఒకటిన్నర థౌ మేర అరిగాయి.

గుండ్రంగా లేని పిన్నుకు ఏ సైజు షెల్ వేసినా ఒక దిశలో సందు నాలుగు థౌలు ఎక్కువే ఉంటుంది. “బేరింగులు మాత్రం మార్చు” అన్న మాటకు ఇక చోటు లేదు. బండిని గేర్‌బాక్స్ దగ్గర విడదీసి క్రాంకు బయటికి తీశాం.

10 సైజా, 20 సైజా

లేత్ షాపులో వాదన జరిగింది ఇక్కడే. ఏడు థౌలే అరిగింది కదా, 10 సైజులో తేలిపోతుందండీ అన్నారు. 10 సైజంటే పిన్ను వ్యాసం పది థౌలు తగ్గేలా సానపట్టి, దానికి తగ్గ మందం షెల్స్ వెయ్యడం. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ పిన్ను చుట్టూ సమానంగా అరగదు, ఎక్కువగా ఒక పక్కనే అరుగుతుంది. ఏడు థౌలూ ఒకే పక్కన పోయి ఉంటే, పాత కేంద్రం కదలకుండా ఆ లోతు వరకు సానపట్టాలంటే చుట్టూ ఏడు థౌలు తియ్యాలి. వ్యాసంలో అది పద్నాలుగు. 10 సైజులో తేలదు, ఒక పక్క పాత మచ్చ ఉండిపోతుంది.

“సెంటర్ కొంచెం జరిపితే తేలుద్దండీ” అన్నది తర్వాతి మాట. జరిపితే ఆ పిన్ను స్ట్రోకు, టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే) కోణం మిగతా రెండింటితో కలవవు. రెండు థౌల తేడా ఈ ఇంజిన్‌ను అప్పటికప్పుడు చంపదు, ఒప్పుకుంటాను. కానీ ఎందుకు ఆ రాజీ? 20 సైజు షెల్స్ అదే ధరకు దొరుకుతున్నాయి, ఆ తర్వాత 30 కూడా ఉంది. మూడు పిన్నులూ 20కి, మెయిన్లు 10కి అని నిర్ణయించాం. మెయిన్ల అరుగుదల చిన్నదే అయినా క్రాంకు మిషన్ మీద ఉన్నప్పుడే చేయించాలి, దానికోసం మళ్ళీ బండి విడదీయం.

లేత్ వాళ్ళకు రాసిచ్చింది రెండే. పిన్ను మూల దగ్గర గుండ్రటి ఫిల్లెట్ పాతది ఎంత ఉంటే అంత ఉండాలి. అక్కడ మూల పదునుగా వస్తే క్రాంకు విరగడం అక్కడే మొదలవుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులు మళ్ళీ మెత్తగా చెయ్యాలి, లేకపోతే ఆ అంచు కొత్త షెల్‌ను గీకేస్తుంది. తిరిగి వచ్చాక మేమే కొలిచాం. పిన్నులు 2.2285, 2.2290 మధ్య పడ్డాయి.

ఆయిల్ రంధ్రాలను తీగ బ్రష్‌తో, డీజిల్‌తో కడిగి గాలి కొట్టాం. సాన పొడి ఆ సొరంగాల్లో దాక్కుంటుంది, ఒక్కసారి కడిగితే బయటికి రాదు. కొత్తగా సానపట్టిన క్రాంకులు త్వరగా పోయాయంటే నా మొదటి అనుమానం ఈ కడుగుడు మీదే.

బిగింపు

రాడ్ పెద్ద కంతను షెల్ లేకుండా క్యాప్ బిగించి కొలిచాం. రేకు పెట్టిన రాడ్డు కాబట్టి క్యాప్ అరగదీశారేమో అని అనుమానం. లేదు, గుండ్రంగానే ఉంది. అరగదీసి ఉంటే రాడ్డు మార్చాల్సి వచ్చేది. బోల్టులు కొత్తవి వేశాం. ఆయిల్ పంపు రోటర్లను ఫీలర్ గేజ్‌తో చూస్తే హద్దులోనే ఉన్నాయి, మార్చలేదు. పాతదైతే మార్చెయ్యాలన్న రూలు నాకు లేదు, కొలత చెప్పిందే చేస్తాను.

నలిగిన వెడల్పును బట్టి సందు కొలిచే ప్లాస్టీగేజ్ తీగ పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించి, విప్పి చూశాం. రాడ్లు రెండున్నర థౌలు. మెయిన్లు మూడు, మూడున్నర, హద్దు రెండున్నర నుంచి నాలుగున్నర. కొత్త థ్రస్ట్ వాషర్లతో క్రాంకు ముందు వెనకల ఆట సరిపోయింది. స్టార్ట్ చేసే ముందు అదే స్ప్రేయర్‌తో గ్యాలరీ నింపాం, రాకర్ల దగ్గర ఆయిల్ కనిపించే దాకా. ఎండిపోయిన కొత్త షెల్ మీద క్రాంకు తిరిగే మొదటి కొన్ని క్షణాలకు ఇది మంచి బీమా.

పిస్టన్లు, లైనర్లు మార్చలేదు. రైతు అడిగాడు, “అన్నీ విప్పారు కదా, పిస్టన్లు కూడా వేసేయొచ్చుగా?” కంప్రెషన్ మూడింటిలోనూ దగ్గర దగ్గరగా ఉంది, పొగ అంతంత మాత్రం, స్టార్టింగ్ బాగుంది. డబ్బు ఇప్పటికే చాలా పెట్టాడు. వాటిని ఇంకో రెండు పంటలు చూసి నిర్ణయించొచ్చు అన్నాను.

ఆ తర్వాత

వేడి మీద ఐడిలింగ్‌లో 18, 1800 దగ్గర 41. శబ్దం లేదు. మొదటి ఆయిల్ యాభై గంటలకే మార్చాం, కాగితం మీద చుక్క వేస్తే వలయం పాకలేదు.

ఈసారి ఆయిల్ తగ్గడం మొదలైంది. రైతు కంగారుగా ఫోన్ చేశాడు, ఇంజిన్ చేసాక ఆయిల్ తింటోందేమిటని. రింగుల దగ్గర అది ఎప్పుడూ తింటూనే ఉంది, ఇన్నాళ్ళూ డీజిల్ ఆ లోటు పూడ్చి కనిపించకుండా చేసింది అని చెప్పాల్సి వచ్చింది. ఎంత తగ్గుతోందో రాసుకోమన్నాం. గంటలకు చూస్తే ఆ వయసు ఇంజిన్‌కు మామూలే. ఆ లెక్క ఎప్పుడైనా ఆగిపోయి, లెవెల్ అక్కడే నిలబడిపోతే బండి ఆపి ఫోన్ చెయ్యమన్నాను.

డ్రైవర్‌తో కూడా మాట్లాడాం. దమ్ములో ఒక గేరు తగ్గించి వేగం నిలుపుకోవడానికి డీజిల్ కాస్త ఎక్కువ అవుతుంది. మెకానికల్ గేజ్ తీసేయకుండా డ్రైవర్‌కు కనిపించేలా బిగించి ఉంచేశాం, వేగం తగ్గించినప్పుడు ముల్లు ఎంత దిగుతుందో అతనే చూస్తున్నాడు. తర్వాతి సార్వా, దాళ్వా రెండు దమ్ములూ అయ్యాక మళ్ళీ కొలిస్తే వేడి ఐడిలింగ్‌లో 16. వెనక క్రాంక్ సీలు దగ్గర మాత్రం కొంచెం చెమ్మ కనిపిస్తోంది. బండి మళ్ళీ విడదీస్తే గానీ అది మార్చలేం, క్లచ్ ప్లేటు మార్చే రోజున చూద్దామని వదిలేశాం.